చికాకోల్ అర్ధణా నీలం: ఒక వెతుకులాట

పాత స్టాంపులు, కవర్లు ఇంట్లో ఉన్నవాళ్లు వాటిని గుర్తించి సర్దిపెట్టమని నన్ను పిలుస్తుంటారు. ఉండేది విజయనగరం కాబట్టి వెళ్లేవి ఎక్కువగా ఉత్తరాంధ్ర ఇళ్లే. నేను కొనను, అమ్మను. ఏది ఏమిటో చెప్తాను, ఎలా దాచుకోవాలో చూపిస్తాను. దాదాపు ప్రతి ఇంట్లోనూ ఒక ప్రశ్న వినిపిస్తుంది: "మన ప్రాంతం స్టాంపు ఒకటి ఉండేదటండి, అది దొరుకుతుందా?"

ఈ కేసు ఆ ప్రశ్నతోనే మొదలై, అడిగినవారు అనుకోని చోట తేలింది. అసలు వెతకాల్సింది ఏ వస్తువో తేల్చుకోకుండా వెతికితే ఎన్నేళ్లు పోతాయో ఇందులో స్పష్టంగా కనిపిస్తుంది. అందుకే రాస్తున్నాను. కుటుంబం ఒప్పుకున్నాకే రాస్తున్నాను. పేర్లు, ఊరు, ఉద్యోగాలు వదిలేశాను. గుర్తుపట్టే వీలున్న ఒకటి రెండు వివరాలు మార్చాను.

నేపథ్యం

సేకర్తది శ్రీకాకుళం జిల్లా, వయసు యాభైకి దగ్గర. స్టాంపుల ఇష్టం తాతగారి నుంచి వచ్చింది. ఆ తాతగారు ఒక కచేరీలో గుమాస్తాగా చేశారు. ఆఫీసులో పారేసే కాగితాల నుంచి, బంధువుల ఇళ్లలో తీగకు గుచ్చిన ఉత్తరాల నుంచి ఏరి తెచ్చుకునేవారు. ఆయన ఆల్బం ఇప్పటికీ ఉంది. మామూలు సేకర్తల్లా దేశాల వారీగా కాకుండా ఊళ్ల వారీగా పెట్టారు. ఒక పేజీలో బరంపురం, ఒక పేజీలో టెక్కలి, ఇంకో పేజీలో భీమునిపట్నం. అన్నీ రాణి విక్టోరియా, ఎడ్వర్డు, అయిదో జార్జి కాలం నాటి మామూలు స్టాంపులే. వాటి మీద పడిన పోస్ట్‌మార్కుల కోసమే ఆయన వాటిని దాచుకున్నారు.

తాతగారు పోయాక ట్రంకు పెట్టెలో మిగిలిన ఉత్తరాలు మనవడి చేతికి వచ్చాయి. అప్పటికి ఆ అబ్బాయి హైస్కూల్లో ఉన్నాడు. ఆ రోజుల్లో పిల్లలకు నేర్పే పద్ధతి ప్రకారం కవర్లను బేసిన్‌లో నానబెట్టి, స్టాంపులు ఊడదీసి, పాత పేపర్ల మధ్య ఆరబెట్టాడు. తడిసిన కవర్లు నీళ్లపొయ్యిలోకి పోయాయి. ఈ సంగతి చెప్పేటప్పుడు ఆయన గొంతు ఇప్పటికీ సన్నబడుతుంది. ఆయన తప్పేమీ లేదు. ఆ కాలంలో స్టాంపు శుభ్రంగా, వెనక కాగితం లేకుండా ఉంటేనే విలువ అని పెద్దలే చెప్పేవారు. కాకపోతే ఈ కేసు మొత్తానికి ఆ బేసిన్ ముఖ్యం. స్టాంపు ఏ ఊరి నుంచి బయల్దేరిందో చెప్పే సాక్ష్యంలో ఎక్కువ భాగం కవరు మీదే ఉంటుంది.

ఆయన నా దగ్గరికి తెచ్చిన సమస్య

తాతగారి ఆల్బంలో ఒక పేజీ ఖాళీగా ఉంది. అడుగున పెన్సిల్‌తో "చికాకోల్ - అర్ధణా నీలం" అని రాసుంది. అర్ధణా అంటే అర అణా. చికాకోల్ అంటే శ్రీకాకుళమే, ఇంగ్లీషువాళ్ల కాలంలో కాగితాల మీద అలా రాసేవారు. ఆ పేజీలో ఉండాల్సింది ఎప్పుడు పోయిందో, ఎవరికి ఇచ్చారో ఇంట్లో ఎవరికీ తెలియదు.

ఖాళీ పేజీ చుట్టూ కథలు మాత్రం పెరిగాయి. చికాకోల్‌లోనే అచ్చయిన స్టాంపు అని ఒకరు, విజయనగరం రాజావారు తమ ఎస్టేటు కోసం వేయించిన స్టాంపు అని ఇంకొకరు, ప్రపంచంలో రెండో మూడో మిగిలాయని మరొకరు. సేకర్త ఈ మాటలు పట్టుకుని చాలా ఏళ్లుగా డీలర్లను "చికాకోల్ స్టాంపు ఉందా" అని అడుగుతూ వచ్చారు. కొందరు లేదన్నారు. కొందరు ఏదో ఒకటి చూపించి అమ్మబోయారు. నా దగ్గరికి వచ్చేసరికి ఆయనలో పట్టుదల తగ్గలేదు గానీ, మోసపోతానేమో అన్న టెన్షన్ బాగా పెరిగింది.

ముందు తేల్చుకోవాల్సింది: అలాంటి స్టాంపు ఉందా?

ఇలాంటప్పుడు నేను కేటలాగు కంటే ముందు ఒక చిన్న విచారణ చేస్తాను. స్టాంపు అంటే తపాలా ఖర్చు ముందే చెల్లించినట్టు రసీదు. ఆ రసీదు ఇవ్వాలంటే ఉత్తరాలు మోసే వ్యవస్థ ఒకటి ఉండాలి, దాన్ని నడిపే అధికారం ఒకరికి ఉండాలి. కాబట్టి మొదటి ప్రశ్న: ఆ ఊళ్లో తపాలా ఎవరు నడిపారు?

సొంత తపాలా స్టాంపులు వేసుకున్న సంస్థానాలు మన దేశంలో చాలానే ఉన్నాయి. నిజాం రాజ్యం, తిరువాన్కూరు, కొచ్చిన్ సరే. మనకు దగ్గర్లో, ఒడిశాలోని చిన్న సంస్థానం బామ్రా కూడా 1888లో సొంత స్టాంపులు వేసింది. పటియాలా, గ్వాలియర్ లాంటి ఆరు సంస్థానాలు బ్రిటిష్ ఇండియా స్టాంపుల మీదే తమ పేరు అచ్చువేయించుకుని వాడుకున్నాయి. ఆ రెండు జాబితాల్లోనూ విజయనగరం లేదు, బొబ్బిలి లేదు, పర్లాకిమిడి లేదు. కారణం కూడా స్పష్టమే. ఇవన్నీ మద్రాసు ప్రెసిడెన్సీ లోపలి జమీందారీలు. పేరుకు రాజావారు, మహారాజావారు అయినా, వారి ఊళ్లో ఉత్తరాలు మోసింది బ్రిటిష్ ఇండియా తపాలా శాఖే. శ్రీకాకుళమైతే ఉత్తర సర్కారుల్లో భాగంగా ఈస్టిండియా కంపెనీ చేతికి పోయిన ఊరు. దానికి ప్రత్యేకంగా స్టాంపు అచ్చువేసే అవకాశమే లేదు.

ఈ మాట చెప్పినప్పుడు సేకర్త ముఖం పాలిపోయింది. నాకూ బాధే వేసింది. కానీ లేని వస్తువు కోసం మనిషి డబ్బు పోసుకుంటుంటే చూస్తూ ఊరుకోవడం కంటే ఆ బాధ మేలు. పైగా తాతగారు అబద్ధం రాసుకునే మనిషి కాదు. ఆయన ఊళ్ల వారీ పద్ధతి చూస్తే "చికాకోల్" అంటే స్టాంపు పుట్టిన ఊరు అయ్యుండదు, ఉత్తరం బయల్దేరిన ఊరు అయ్యుండాలి.

ఖాళీ పేజీలో మిగిలిన సాక్ష్యం

అప్పుడు ఆ ఖాళీ పేజీనే పరిశీలించాం. కిటికీ దగ్గర పగటి వెలుతురులో, పక్క నుంచి వెలుగు పడేలా పెట్టి చూశాను. కాగితం ఏళ్లకొద్దీ గాలికి, వెలుతురుకి టీ రంగుకు తిరిగింది. మధ్యలో ఒకచోట మాత్రం అసలు మీగడ రంగే నిలిచి ఉంది. అక్కడ చాలాకాలం ఏదో అతికి ఉండి, కింది కాగితాన్ని కాపాడిందన్నమాట. ఆ తెల్లటి చోటు అడ్డంగా సుమారు ఆరు సెంటీమీటర్లు, నిలువుగా మూడు. విక్టోరియా కాలపు అర్ధణా స్టాంపు అడ్డంగా రెండు సెంటీమీటర్లు కూడా ఉండదు. అంచులు కూడా కత్తెరతో కోసినట్టు కొద్దిగా వంకరగా ఉన్నాయి, స్టాంపుకుండే పళ్ల ఆనవాలు లేదు. రెండు చివర్లా చెరో హింజ్ అతుకు. హింజ్ అంటే స్టాంపును పేజీకి అంటించే చిన్న జిగురు కాగితం. ఒక్క స్టాంపుకు ఒక్క హింజ్ చాలు.

కాబట్టి అక్కడ ఉన్నది వట్టి స్టాంపు కాదు. స్టాంపుతో సహా కవరు నుంచి కత్తిరించిన ముక్క. సేకర్తలు దాన్ని పీస్ అంటారు.

ఇంట్లో అందరికంటే పెద్దావిడ, సేకర్త మేనత్త, మంచం మీద కూర్చుని మా మాటలు వింటున్నారు. అప్పటిదాకా ఆవిడని ఎవరూ అడగలేదు. "అది స్టాంపు కాదురా, కవరు ముక్క. గుండ్రంగా సీలు ఉండేది పక్కన. నాన్న దాన్ని ఎవులికీ ముట్టనిచ్చేవోరు కాదు" అన్నారు. ఆ "పక్కన" అన్న మాటకు నేను చాలా విలువిచ్చాను. ఎందుకో చెప్తాను.

ఇక పెన్సిల్ రాతలో మిగిలిన రెండు ముక్కలు: అర్ధణా, నీలం. దూరంతో పని లేకుండా ఒకే రేటు అనే పద్ధతి 1854 అక్టోబరు నుంచి వచ్చింది, తేలికపాటి ఉత్తరానికి అర్ధణా. అర్ధణా స్టాంపు రంగు 1854 నుంచి నీలమే. 1883లో అది ఆకుపచ్చకు మారింది, ఆ తర్వాత ఎడ్వర్డు, అయిదో జార్జి కాలంలోనూ ఆకుపచ్చే. అంటే మనం వెతికేది 1854కీ 1883కీ నడుమ, కాస్త అటూ ఇటూగా పాత నిల్వలు అయిపోయేదాకా.

ఆ మధ్య కాలంలో కూడా ముద్ర వేసే పద్ధతి మారింది. మొదటి రోజుల్లో, స్టాంపును మళ్లీ వాడకుండా దాని మీద కొట్టే కొట్టివేత గుర్తులో చుక్కలో, గీతలో, ఒక అంకెో మాత్రమే ఉండేవి. ఊరి పేరు, తేదీ ఉన్న ముద్రను వేరేగా కవరు మీద ఇంకెక్కడో కొట్టేవారు. 1870ల నాటికి రెండు ముద్రలనూ ఒకే పిడికి బిగించిన డ్యూప్లెక్స్ ముద్రలు వాడుకలోకి వచ్చాయి. ఒక్క దెబ్బకు ఊరి పేరున్న గుండ్రటి ముద్ర కాగితం మీద, దాని పక్కనే కొట్టివేత గుర్తు స్టాంపు మీద పడతాయి. "గుండ్రంగా సీలు పక్కన" అని మేనత్తగారు అన్నది, ఆరు సెంటీమీటర్ల అడ్డం ముక్క, నీలం రంగు, ఈ మూడూ కలిసి ఒకేవైపు చూపించాయి. 1870లలోనో 1880ల మొదట్లోనో శ్రీకాకుళంలో పోస్టు చేసిన కవరు.

ఇక్కడ సేకర్తకు ఒక సంగతి అర్థమయ్యేలా చెప్పాల్సి వచ్చింది. అర్ధణా నీలం స్టాంపు అరుదైనది కాదు. దేశమంతా వాడిన స్టాంపు, మామూలు స్థితిలో ఉన్నది చవగ్గానే దొరుకుతుంది. మన ఊరి ముద్రతో, అదీ చదవడానికి వీలుగా, కాగితంతో సహా మిగలడమే అరుదు. సముద్రం పక్క తేమ, చెదలు, తుపాన్లు, ఇల్లు మారినప్పుడల్లా కాల్చేసే పాత కాగితాల మూటలు, చివరికి పిల్లల బేసిన్లు. ఇన్ని దాటుకుని రావాలి.

చేసిన ప్రయత్నాలు, పనికిరాని దారులు

మొదట కిలోవేర్ చూశాం. అంటే తూకానికి అమ్మే స్టాంపులు. ఊరి ముద్ర స్టాంపు మీద కొంతైనా పడి ఉండొచ్చన్న ఆశ. డ్యూప్లెక్స్ పద్ధతిలో పేరు పడేది స్టాంపు బయట కాబట్టి అది దాదాపు శుద్ధ దండగ అని నాకు అనిపించినా, సేకర్తకు చేతితో చూసి తెలుసుకోవాలని ఉంది. ఒక పూట కూర్చుని ఏరితే ఆయనకే తేలిపోయింది. నీలం అర్ధణాలు బోలెడు, ఊరి పేరు మాత్రం ఒక్కదాని మీదా లేదు. ఇది వృథా అని నేను అనుకోను. ఎందుకు దొరకదో కళ్లారా చూశాక ఆయన మళ్లీ విడి స్టాంపుల జోలికి పోలేదు.

పెద్ద పోస్టాఫీసుల్లోని ఫిలాటెలీ కౌంటర్లలో కూడా ఆయన అంతకుముందే అడిగి ఉన్నారు. అక్కడ దొరికేది కొత్తగా విడుదలయ్యే స్టాంపులు. నూటయాభై ఏళ్లనాటి కవర్ల కోసం వాళ్లను అడిగి లాభం లేదు.

తాతగారి ముక్కనే పట్టుకోవాలన్న ప్రయత్నం కొంతకాలం సాగింది. తాతగారితో మార్పిళ్లు చేసుకున్నవారి ఇళ్లకు సేకర్త వెళ్లొచ్చారు. ఆ తరం వారెవరూ లేరు, వారి పిల్లలకు ఆల్బంల ఊసే తెలియదు. ఒక ఇంట్లో మాత్రం, "మా నాన్న పుస్తకాలన్నీ పాత పేపర్లవాడికి వేసేశామండి" అన్నారట. ఈ దారి మూసేద్దామని నేనే చెప్పాను. ఫలానా ముక్కే కావాలంటే దాన్ని గుర్తుపట్టే ఆధారం ఉండాలి, ఫొటో ఉండాలి. మన దగ్గర ఉన్నవి కొలతలూ ఒక జ్ఞాపకమూ మాత్రమే. రేపు ఎవరైనా ఆ కొలతకు కత్తిరించిన ముక్క తెచ్చి ఇదే అంటే కాదనగలమా? తాతగారు దాచుకున్నలాంటిది కావాలి అని లక్ష్యం మార్చుకుందాం అన్నాను. ఒప్పుకోవడానికి ఆయనకు చాలా రోజులు పట్టింది. అది సహజం.

ఆన్‌లైన్ వేలాల్లో "శ్రీకాకుళం" అని వెతికితే స్వాతంత్ర్యం వచ్చాకటి కవర్లు వస్తాయి. "చికాకోల్" అని ఇంగ్లీషు స్పెల్లింగ్‌తో వెతికితే ఎప్పుడో ఒకటి. అలా ఒక రోజు ఆయనకు సరిగ్గా కావాల్సినట్టే ఒకటి కనిపించింది. నీలం అర్ధణా, కాగితం ముక్క మీద, పక్కనే గుండ్రటి చికాకోల్ ముద్ర. ధర బాగా ఎక్కువ. అమ్మేవారు ఆ రాత్రిలోపు తేల్చమన్నారు. సేకర్త డబ్బు పంపడానికి సిద్ధపడి, ఆఖరు నిమిషంలో నాకు ఫోన్ చేశారు.

తొందరపెడితే ఆగాలి. అది మొదటి మాట. పెద్ద స్కాన్ పంపమని అడిగించాను. వచ్చాక ఇద్దరం కలిసి చూశాం. కొట్టివేత ముద్ర గీతలు స్టాంపు అంచు దాకా దట్టంగా వచ్చి అక్కడే ఆగిపోయాయి. స్టాంపు అంచుకీ కాగితానికీ మధ్య ఒక్క గీత కూడా కొనసాగలేదు. కవరు మీద అతికిన స్టాంపు మీద ముద్ర కొడితే సిరా స్టాంపు మీదా పడుతుంది, పక్క కాగితం మీదా పడుతుంది. స్టాంపు పళ్ల మధ్య సందుల్లోకి కూడా దిగి, కింది కాగితానికి అంటుతుంది. భూతద్దంలో ఆ సందుల్లో చిన్న చిన్న సిరా మచ్చలు కనబడాలి. ఇక్కడ సందులన్నీ శుభ్రం. పైగా గుండ్రటి ముద్రకూ కొట్టివేత గుర్తుకూ మధ్య కోణం కుదరలేదు. ఒకే పిడి మీద బిగించినవి ఒకదానికొకటి ఎప్పుడూ ఒకే తీరులో ఉంటాయి, ఒకటి వంగితే రెండోదీ వంగుతుంది. నా అంచనా: ముద్ర నిజమైనదే, స్టాంపు నిజమైనదే, కానీ రెండూ ఒకే కవరువి కావు. ఊరి పేరున్న ఖాళీ ముక్క మీద ఎవరో వేరే స్టాంపు అతికించారు. స్టాంపు, ముద్ర రెండూ అసలువి కావడంతో ఇలాంటివి పట్టుకోవడం కష్టం.

ఆయన కొనలేదు. కానీ ఆ రోజు నుంచి కొన్నాళ్లు వెతుకులాటే ఆపేశారు.

దారి తెరుచుకున్న చోటు

ఆగిన పని మళ్లీ కదిలింది ఆల్బం వల్లే. కాగితాలకు పురుగు పట్టకుండా పేజీల మధ్య మంచి కాగితం పెట్టడానికి ఆల్బం విప్పినప్పుడు, పేజీల వరస మీద దృష్టి పడింది. ముందు బరంపురం. తర్వాత ఛత్రపురం. తర్వాత మన ఖాళీ చికాకోల్. తర్వాత టెక్కలి, పర్లాకిమిడి. అవయ్యాక ఒక తెల్ల పేజీ వదిలి విశాఖపట్నం, భీమునిపట్నం, విజయనగరం, పాలకొండ.

పాలకొండ ఇప్పటి లెక్కలో శ్రీకాకుళానికి పక్కన. తాతగారు దాన్ని విశాఖపట్నంతో ఎందుకు పెట్టారు? బరంపురాన్నీ చికాకోల్‌నీ ఒకచోట ఎందుకు చేర్చారు? జవాబు జిల్లాల చరిత్రలో ఉంది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేదాకా శ్రీకాకుళం గంజాం జిల్లాలో ఉండేది. టెక్కలి, సోంపేట, ఇచ్ఛాపురం, పర్లాకిమిడి అన్నీ అందులోవే. పాలకొండ మాత్రం విశాఖపట్నం జిల్లా. 1936లో గంజాం చాలావరకు ఒరిస్సాకు పోయి, శ్రీకాకుళం వైపు భాగం విశాఖపట్నంలో కలిసింది. శ్రీకాకుళం జిల్లా విడిగా ఏర్పడింది 1950 ఆగస్టు 15న. విజయనగరం జిల్లా ఇంకా తర్వాత, 1979 జూన్‌లో. తాతగారు తన చిన్ననాటి జిల్లాలనే ఆల్బంలో పెట్టుకున్నారు.

ఇది తెలిసిన చరిత్రే. వెతుకులాటకు దీన్ని వాడాలన్న ఆలోచనే అప్పటిదాకా ఎవరికీ రాలేదు. పాత కవర్లను పోగుచేసేవాళ్లు సాధారణంగా ఏదో ఒక జిల్లానో, తపాలా శాఖ విభాగమైన సర్కిలునో పట్టుకుంటారు. 1870ల నాటి చికాకోల్ కవరును ఎవరైనా దాచుకుని ఉంటే దాన్ని ఏ పెట్టెలో పెడతారు? ఆంధ్ర పెట్టెలో కాదు, శ్రీకాకుళం పెట్టెలో అంతకన్నా కాదు. గంజాం పెట్టెలో. గంజాం చరిత్ర మీద ప్రేమతో కవర్లు కూడబెట్టేవాళ్లు ఎక్కువగా ఉండేది బరంపురంలో, ఒడిశా వైపు. మేం ఇన్నాళ్లూ హైదరాబాదు, విశాఖ డీలర్లను అడుగుతున్నాం. ఇచ్ఛాపురం దాటితే గంటలోపే బరంపురం.

అక్కడ పాత తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. తెలిసినవారి ద్వారా అక్కడి ఒక పెద్దాయన్ని కలిశాం. ఆయన గంజాం జిల్లా తపాలాకు సంబంధించినవన్నీ దశాబ్దాలుగా సేకరిస్తున్నారు. ఇంటి పేర్లు కలుపుకుని, కాఫీలయ్యాక సేకర్త విషయం చెప్పారు. పెద్దాయన లేచి లోపలికి వెళ్లి ఒక ఫైలు తెచ్చారు. "చికాకోల్ నా దగ్గర ఉన్నాయి బాబూ. కానీ నాకు ఛత్రపురం పాతవి లేవు" అన్నారు.

తాతగారి ఆల్బంలో ఛత్రపురం పేజీ నిండుగా ఉంది.

కవరు పరీక్ష

ఆనందంలో పరీక్ష మానకూడదు. ఆయన ఎంత పెద్దమనిషైనా, ఆయనకు ఇచ్చినవారు ఎవరో మనకు తెలియదు. ఆ మాట మర్యాదగా చెప్పాను, ఆయన నవ్వి భూతద్దం తానే అందించారు.

కత్తిరించిన ముక్క కాదది, పూర్తి కవరు, లోపల ఉత్తరంతో సహా. పలచటి చేతి కాగితం, మడతల దగ్గర కొద్దిగా చిరుగు. చిరునామా తెలుగులో, పొడుగాటి గొలుసుకట్టు రాతలో: విజయనగరంలో ఒక సెట్టిగారికి "చేరవలెను" అని. దాని కిందే వేరే చేతిరాతలో ఊరి పేరు ఇంగ్లీషులో. తెలుగు చదవలేని సార్టింగు గుమాస్తాల కోసం పోస్టాఫీసులోనే ఇలా రాసేవారు. నీలం అర్ధణా కుడి పైమూల. గుండ్రటి చికాకోల్ ముద్ర ఎడమ పక్క కాగితం మీద, కొట్టివేత గుర్తు స్టాంపు మీద. గీతలు స్టాంపు దాటి కాగితం మీదికి సాగాయి. కుడి అంచు పళ్ల సందుల్లో ఆవగింజ కంటే చిన్న నల్ల మచ్చలు కింది కాగితం మీద వరసగా ఉన్నాయి. వాటిని చూసిన క్షణంలో నాకు సగం నమ్మకం కుదిరింది.

మిగతా సగం వెనకవైపు దొరికింది. విజయనగరం చేరిక ముద్ర, తేదీ మరుసటి రోజుది. ఈ తీరంలో రైలు నడిచింది 1890లలో. అంతకుముందు తపాలా మద్రాసు-కలకత్తా పెద్దబాట మీద రన్నర్ల భుజాల మీద, అంచెలంచెలుగా వెళ్లేది. శ్రీకాకుళం నుంచి విజయనగరానికి ఒక్కరోజు అంటే ఆ లెక్కకు సరిపోయింది. తేదీ 1870ల చివరిది. స్టాంపు కూడా 1873 నుంచి వాడిన రెండో రకం అచ్చు. రాణి నోటి దగ్గర చెక్కడంలో తేడా చూసి చెప్పొచ్చు. ముద్ర కంటే స్టాంపు తర్వాతిది కాకపోవడం చూసుకోవాలి, అది చాలామంది మర్చిపోతారు. ఆఖరున అతినీలలోహిత దీపం కింద పెట్టాం. ఈ మధ్య కాలపు కాగితం, జిగురు వాడి ఉంటే సాధారణంగా తెల్లగా మెరుస్తాయి. ఎక్కడా మెరవలేదు.

లోపలి ఉత్తరంలో నాలుగు తానులు పంపించానని, సొమ్ము ఇంకా అందలేదని, సన్నబట్ట నేసేవాళ్లకు బయానా ఇవ్వాలని ఉంది. చికాకోల్ మస్లిన్‌కు ఒకప్పుడు పెద్ద పేరు. సేకర్త ఆ ఉత్తరం చదివాక చాలాసేపు స్టాంపు సంగతే ఎత్తలేదు.

మార్పిడి

డబ్బు ప్రస్తావన పెద్దాయనకు ఇష్టం లేదు. ఛత్రపురం ముక్కలు ఇస్తే చాలన్నారు. నేను కాస్త ఆగమన్నాను. తాతగారి ఆల్బం ఒక్కరి సొత్తు కాదు, మేనత్తగారు, సేకర్త అన్నదమ్ములు అందరికీ హక్కుంది. ఇచ్చేముందు ఆ పేజీని రెండు వైపులా ఫొటో తీయించాను. ముక్కలు ఏ వరసలో ఉన్నాయో, పెన్సిల్ రాతలు ఏమున్నాయో అన్నీ వచ్చేలా. ఒకసారి విడిపోతే తాతగారు దాన్ని ఎలా చూశారో తెలిసే దారి ఉండదు. ఫోన్‌లో మేనత్తగారిని అడిగితే, "ఛత్రపురం వాళ్లది ఛత్రపురానికే పోతాది గదా, ఇచ్చేయండి" అన్నారు. రెండువైపులా ఏమేమి ఇచ్చిపుచ్చుకున్నారో ఒక కాగితం రాసి, ఇద్దరూ సంతకాలు చేశారు. ఇలాంటి కాగితం ఉంటే రేపు ఆ వస్తువు ఎక్కడి నుంచి వచ్చిందన్న ప్రశ్నకు జవాబు సిద్ధంగా ఉంటుంది.

ఈ కేసు తర్వాత నా పని తీరులో వచ్చిన మార్పులు

ఇప్పుడు ఎవరైనా "మా ఊరి స్టాంపు" అంటే ముందు ఆ ఊరు ఏ కాలంలో ఏ జిల్లాలో ఉందో ఒక కాగితం మీద రాయిస్తాను. మన రెండు జిల్లాల్లో ఇది మరీ అవసరం. సాలూరు, పార్వతీపురం మొన్న 2022 ఏప్రిల్ దాకా విజయనగరం జిల్లా, ఇప్పుడు పార్వతీపురం మన్యం. ఇంకో యాభై ఏళ్లకు వెతికేవాడు మళ్లీ ఈ చిక్కులోనే పడతాడు.

ఇంట్లో పెద్దవాళ్లను ఆల్బం తెరిచిన రోజే అడుగుతాను. మేనత్తగారు అన్న ఒక్క ముక్క మాకు డ్యూప్లెక్స్ ముద్ర దాకా దారి చూపింది. అంతకుముందు ఎన్నో ఏళ్లు ఆవిడ అదే గదిలో ఉన్నారు.

ఖాళీ పేజీలను కూడా చూస్తాను. అతుకు గుర్తులు, రంగు మారని చోట్లు, హింజ్‌లు, పేజీల వరస. ఆల్బంలో స్టాంపులు తీసి కొత్త దాంట్లో సర్దేద్దాం అని ఉత్సాహపడే వాళ్లను ఆపుతాను. పాత ఆల్బం కూర్పే ఒక్కోసారి అసలు సమాచారం.

నానబెట్టడం గురించి నా మాట ఖచ్చితంగా ఉంటుంది: 1950కి ముందు కవరు ఏదైనా సరే, ఎంత మురికిగా ఉన్నా సరే, నీళ్లు తగలకూడదు. లామినేషన్ వద్దు, సెలో టేపు వద్దు. మెత్తటి పీవీసీ కవర్లు మన తేమకు జిగురుగా మారి సిరాను లాగేస్తాయి, వాటి బదులు పాలిస్టర్ కవర్లు వాడాలి. వానాకాలం అయ్యాక ఒక పొడి రోజు చూసి అన్నీ తీసి, నీడలో గాలికి ఉంచాలి.

బరంపురం కవరుకు సేకర్త రాసిన చీటీ నాకు బాగా నచ్చింది. తాతగారి ముక్క అని రాయలేదు, ఏకైక నమూనా అని రాయలేదు. "అర్ధణా నీలం, చికాకోల్ నుంచి విజయనగరం, డ్యూప్లెక్స్ ముద్ర, వెనక చేరిక ముద్ర, బరంపురంలో మార్పిడి ద్వారా" అని మాత్రం రాసి, మార్పిడి కాగితం నకలు దానితో పాటు పెట్టారు. ఇప్పుడు ఆయన కళింగపట్నం నుంచి పోస్టయిన నీలం అర్ధణా కోసం చూస్తున్నారు. అదీ పాత గంజామే కాబట్టి, ముందుగా బరంపురానికే ఫోన్ చేశారు.